ఓబుళరెడ్డి సమాధికి వెళ్ళొచ్చాం

మే నెలలో నంద్యాల ఏమిటే, నీకేమైనా మతిపోయిందా అని మా రాజమండ్రిలో అడగనివాళ్ళు లేరు. నిజమే, మతి ఉన్నవాళ్ళెవరూ నడి ఎండాకాలంలో గోదావరి గట్టు వదిలి అటువైపు పోరు. కానీ వచ్చిన పిలుపు అలాంటిది. నా పాత విద్యార్థి ఒకడు హైదరాబాదులో ట్రావెల్స్ నడుపుతున్నాడు. "మేడమ్, డెన్మార్క్ నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడు. అక్కడి సైన్యంలో జనరల్‌గా చేసి రిటైరయ్యాడట. కోటలూ గుళ్ళూ ఏమీ వద్దంటున్నాడు. ఆళ్లగడ్డ దగ్గర ఏదో పల్లెటూళ్ళో ఒక సమాధి చూడాలట. తెలుగూ ఇంగ్లీషూ వచ్చినవాళ్ళు తోడుండాలట" అన్నాడు. జీవితమంతా కాలేజీలో ఇంగ్లీషు చెప్పి, ఇప్పుడు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న మనిషిని నేను. తాజ్ మహల్ కోసం వచ్చేవాళ్ళు బోలెడంతమంది. ఒక రైతు సమాధి కోసం సముద్రాలు దాటొచ్చేవాణ్ణి మాత్రం నేనెప్పుడూ చూడలేదు. అందుకని సరే అన్నాను.

ఆ పల్లె పేరు మాత్రం రాయను. రాయనని ఒకావిడకు మాటిచ్చాను. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

నల్లమల దాటేలోపు

విజయవాడలో రైలెక్కాం. ఆయన పేరు ఎరిక్. తలుపు కనిపిస్తే చాలు అలవాటుగా తల వంచేసేంత పొడుగు. చొక్కా విప్పి మడతపెడితే దుకాణంలో కొన్నప్పటి మడత వస్తుంది. జనరల్ గారూ అంటే, ఉత్త ఎరిక్ అను చాలన్నాడు. మా వీధిలో హెడ్ కానిస్టేబుల్‌నైనా పేరు పెట్టి పిలవం, నాకు నోరెలా వస్తుంది? చివరికి 'ఎరిక్ గారు' దగ్గర రాజీపడ్డాం.

గిద్దలూరు దాకా మాటల్లేవు. తర్వాత అడవి మొదలయ్యేసరికి ఆయనే మొదలుపెట్టాడు. జట్లాండ్ అని, వాళ్ళ దేశంలో పొలాలెక్కువున్న ప్రాంతం, అక్కడ పందుల్ని పెంచే రైతు కొడుకు. వాళ్ళ దేశంలో మగపిల్లలకు పద్దెనిమిది దాటితే సైన్యం నుంచి పిలుపు వస్తుందట. కొన్నాళ్ళు చేసి ఇంటికొచ్చి పొలం చూసుకుందామని వెళ్ళాడు. మళ్ళీ పొలానికి రాలేదు. లెఫ్టినెంట్ అయ్యాడు, ఐక్యరాజ్యసమితి తరఫున సైప్రస్‌లో కాపలా కాశాడు. కెప్టెన్ అయ్యాడు, మేజర్ అయ్యాడు, బోస్నియాలో మంచులో ట్రక్కులు నడిపించాడు. లెఫ్టినెంట్ కల్నల్ అయ్యాక ఆఫ్రికా, కల్నల్ అయ్యాక కోపెన్‌హాగన్‌లో ఆఫీసు కుర్చీ. మధ్యలో ఎక్కడో భార్య విడిపోయింది. ఆమె తప్పేం లేదన్నాడు. ఇంట్లో కంటే మ్యాపుల మీదే ఎక్కువ బతికాను అన్నాడు.

"భుజం మీద నక్షత్రం పెరిగినప్పుడల్లా భోజనాల బల్ల దగ్గర నా పక్క కుర్చీ ఒకటి ఖాళీ అయ్యేది. నన్ను చూసి లేచి నిలబడేవాళ్ళు పెరిగారు. పక్కన కూర్చునేవాళ్ళు తగ్గారు. ఓబుళరెడ్డి మాత్రం కూర్చునేవాడు" అన్నాడు.

ఓబుళరెడ్డి అప్పుడు మన సైన్యంలో నాయబ్ సుబేదారు, తర్వాత సుబేదారై రిటైరయ్యాడు. ఆఫ్రికాలో కొట్టుకున్న రెండు దేశాల మధ్య శాంతి దళం పెడితే, మనవాళ్ళ తరఫున మందుపాతరలు తీసే పనికి వెళ్ళాడు. ఏ దారి సాఫీగా ఉందో, ఏది లేదో రోజూ సాయంత్రం వచ్చి ఎరిక్‌కు చెప్పాలి. చెప్పడం అయిపోయాక ఇద్దరూ ఒక పిట్టగోడ మీద కూర్చునేవాళ్ళట. ఓబుళరెడ్డి జేబులోంచి వేయించిన చెనిగ్గింజలు, అంటే మా వేరుశనగలే, తీసేవాడు, బెల్లం ముక్క తీసేవాడు. వాళ్ళ ఊరి పక్క బనగానపల్లె మామిడిపండు గురించి చెప్పేవాడు. అది తినకుండా చచ్చిపోతే ఆ బతుకు లెక్కలోకి రాదనేవాడు. పండ్ల కాలంలో మా ఊరికి రా అనేవాడు. వచ్చే ఏడు వస్తాననేవాడు ఈయన. అలా ఎన్ని వచ్చే ఏళ్ళు గడిచాయో. దేశాలు మారినా ఫోన్లు మాత్రం ఆగలేదట. అర్థమైనా కాకపోయినా కొత్త సంవత్సరానికి ఒకటి, మామిడికాయలు దిగినప్పుడు ఒకటి.

"మరి ఎలా పోయాడు?" అన్నాను.

"తెలియదు. నన్ను బ్రిగేడియర్ జనరల్‌ని చేసిన వారమే, ఫోన్‌లో ఒక్క ముక్క వచ్చింది. ఓబుళరెడ్డి చనిపోయాడు అని. నమ్మలేక ఆ నంబరుకే ఫోన్ చేశాను. ఎవరో ఆడమనిషి ఎత్తింది. నా గొంతు వినగానే ఏడ్చింది. ఆ ఏడుపుకి అనువాదం అక్కర్లేదు" అన్నాడు.

ఆ వారాంతంలోనే ఆయన్ను ఇంకో దేశంలో ప్రధాన కార్యాలయానికి పంపారు. నిబంధన ప్రకారం పాత ఫోన్ ఇచ్చేసి కొత్తది తీసుకున్నాడు. అయినా ఇక ఎవరికి ఫోన్ చేయాలి? ఆ కొలువులోనే ఇన్నేళ్ళూ గడిచి, మొన్న రిటైరయ్యాడు.

తర్వాత జెండా సంగతి చెప్పాడు. వాళ్ళ దేశంలో ఇళ్ళ ముందు తోటలో జెండా కొయ్య ఉంటుందట. పుట్టినరోజైతే జెండా ఎగరేస్తారు. మనిషి పోతే సగం దాకా దించుతారు. ఖననం అయిపోయిందని తెలిశాక దాన్ని మళ్ళీ పైకంటా ఎత్తుతారు. పోయినవాడికి వీడ్కోలు అయిపోయినట్టు. "ఓబుళరెడ్డికి సగం దించాను. ఎప్పుడు పూడ్చారో తెలియదు. పైకి ఎత్తలేదు. చీకటి పడ్డాక సగంలోంచే తీసి లోపల పెట్టేశాను. అది నాకు ఇప్పటికీ ఇక్కడ అడ్డం పడి ఉంది" అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. సమాధి ఒకసారి కళ్ళారా చూసి, దాని మీద ఒక రాయి పెట్టి, ఇంటికెళ్ళి జెండా ఎత్తాలి. అందుకు వచ్చాడు. అంతకంటే ఇంకేం లేదు.

నంద్యాలలో ఉగ్గాని

నంద్యాల ఎండ గురించి నేను వర్ణించను. పొద్దున తొమ్మిదికి లాడ్జి కిటికీ చువ్వ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది, అంతే. మా గోదారివాళ్ళకు చెమట తెలుసు గానీ ఈ పొడి మంట తెలియదు. ఎరిక్ గారు ఎర్రబడ్డాడు తప్ప ఒక్కసారి కూడా అబ్బా అనలేదు.

పొద్దున్న ఉగ్గాని తిన్నాం. నానిన బొరుగులు పిండి, ఉల్లిపాయా పుట్నాలపొడీ వేసి తాలింపు పెడతారు. పక్కన మిరపకాయ బజ్జీ. నలభై రూపాయలకు ఇద్దరికి సరిపోయేంత పెట్టారు. మా వైపు మరమరాలంటే పిల్లల చిరుతిండి, ఇక్కడ అదే పొద్దున్న గట్టి తిండి. ఎరిక్ గారు ఆ బజ్జీని రెండు ముక్కల్లో మింగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను కంగారుపడి మంచినీళ్ళు ఇస్తే, ఓబుళరెడ్డి ఇంతకంటే కారం పెట్టేవాడన్నాడు.

మా జీపు డ్రైవరు యోహాను నంద్యాలవాడే. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు స్టీరింగు, ఏడు రోజులూ నోరు. సంగతి వినగానే, "సమాధి సూసేకి అంత దూరం నుంచి వచ్చినాడా? మా చిన్నాయన సమాధి ఈడనే ఉంది మేడమ్, నేనే పోయి శానాళ్ళయింది" అని నాలుక కరుచుకున్నాడు. పూల బజారులో బంతిపూల దండ బేరమాడితే, అమ్మే ఆమె పెండ్లికా, గుడికా అంది. సమాధికి అన్నాను. ఒక మూర ఎక్కువ కోసిచ్చి, దానికి డబ్బులొద్దంది.

ఆళ్లగడ్డ రాళ్ళు

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కనే శిల్పుల షెడ్లు. దూరం నుంచే ఉలి చప్పుడు వినిపిస్తుంది. లోపలికి పోతే, సగం చెక్కిన ఆంజనేయుడి పక్కన పూర్తిగా చెక్కిన నాయకుడెవరో చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు, ఇద్దరి మీదా ఒకే దుమ్ము. ఎరిక్ గారు ఆ దుమ్ములో చాలాసేపు తిరిగాడు.

బ్రహ్మయ్యాచారి అని పెద్ద శిల్పి ఒకాయన ఉలి పక్కన పెట్టి మా మాట విన్నాడు. ఒక నాపరాయి పలక కావాలి, దాని మీద తెలుగులో పేరు, హోదా, 'నా మిత్రుడు' అన్న మాట. కింద పోయిన తేదీ.

"ఎప్పుడు పోయినాడు?" అన్నాడాయన.

"సరిగ్గా తెలియదండి."

"యాల పోయినాడు? జరమా, గుండెనా?"

"తెలియదండి."

"సమాధి మీరు సూసినారా?"

"లేదు. ఇప్పుడు వెళ్తున్నాం."

బ్రహ్మయ్యాచారి నోట్లో వక్కపొడి పక్కకు తోసి నన్ను ఎగాదిగా చూశాడు. "ఏందమ్మా ఇది? ఏమీ తెల్వకుండానే మనిషిని సంపుతాండారే! ఇంటోళ్ళ నోట ఇనకుండా పోయిన తేదీ సెక్కేది లేదు మా సావిట్లో. మా నాయన కాలం నుంచి అంతే. పేరు సెక్కిస్తా. కింద సోటు ఇడుస్తా. ఇంటోళ్ళను అడిగి రాండి, అది ఒగ గంట పని."

నాకు చిరాకేసింది. అంత దూరం నుంచి వచ్చిన మనిషి దగ్గర ఈ పట్టుదల ఏమిటని వాదించాను కూడా. ఎరిక్ గారికి చెబితే ఆయన మాత్రం తలూపాడు. సైన్యంలోనూ అంతేనట, తోటివాడు చూసి చెప్పందే ఎవర్నీ పోయినట్టు రాయరట. మర్నాడు పొద్దునకల్లా పలక తయారైంది. 'సుబేదార్ ఓబుళరెడ్డి, నా మిత్రుడు.' కింద నున్నటి ఖాళీ. నలుగురు పట్టి జీపు వెనక ఎక్కించారు. ఎరిక్ గారు దారి పొడుగునా వెనక్కి తిరిగి దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

పలకరింపు

ఊళ్ళోకి రాగానే సమాధి ఎక్కడని అడగడం మర్యాద కాదు, ముందు ఇంటికి పోయి పలకరించాలని నేనే అన్నాను. మిలిటరీ ఓబుళరెడ్డి ఇల్లు ఏదంటే, టీ బంకు దగ్గర ఒకాయన నోట్లోంచి బీడీ తీయకుండానే చెయ్యి చూపించాడు.

రేకుల గేటు, లోపల అరుగు. అరుగు మీద ఒకావిడ చేటలో కందిపప్పు చెరుగుతోంది. ముఖాన ఇంత బొట్టు, చేతులనిండా గాజులు. ఆడబిడ్డో వదినగారో అయ్యుంటుందనుకున్నాను. గొంతు తగ్గించి, "అమ్మా, ఓబుళరెడ్డి గారి ఇల్లు ఇదేనా? పలకరింపుకి వచ్చాం. చాలా ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దు" అన్నాను.

ఆవిడ తలెత్తింది. గేటు దగ్గర తల వంచుకుని లోపలికొస్తున్న తెల్లమనిషినీ, ఆయన చేతిలో బంతిపూల దండనూ చూసింది. చేట జారి పప్పంతా అరుగు మీద పడింది.

"అయ్యో నా సామీ! ఎరుకు సారు!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బావురుమంది.

ఎరిక్ గారు చేతులు జోడించాడు. "ఇదే గొంతు. ఫోన్‌లో విన్నది ఈ ఏడుపే" అన్నాడు నాతో. నాకూ కళ్ళు తడిశాయి. ఆవిడ భుజం పట్టుకుని ఊరుకోమ్మా అంటున్నాను.

ఇంతలో లోపల్నుంచి దగ్గు. "ఎవురే వచ్చింది? కరెంటోడా?"

బనీనూ పంచెతో ఒక మనిషి గడప దాటి వచ్చాడు. ఒక చెంప నున్నగా గీసి ఉంది, రెండో చెంప మీద సబ్బు నురగ. నెరిసిన మిలిటరీ మీసం. చేతిలో రేజరు. ఎండకు కళ్ళు చిట్లించి చూశాడు. రేజరు జారిపోయింది. మోకాళ్ళు కలుక్కుమంటున్నా మడమలు దగ్గరికి చేర్చి, నురగ ముఖంతోనే సెల్యూట్ కొట్టాడు.

ఎరిక్ గారు తిరిగి సెల్యూట్ చేయలేదు. ముఖం తెల్లగా పాలిపోయింది. దండ అరుగు చివర పెట్టాడు. వెనక్కి తిరిగి, గేటు దగ్గర తల వంచడం మరిచిపోయి నుదురు కొట్టుకుని, జీపులో ఎక్కి కూర్చున్నాడు.

కాకి

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమండీ, బతికున్న మనిషిని చచ్చిపోయాడని చెబుతారా? అదీ అంత దూరంలో ఉన్నవాడికి? మీకు మనసెలా వచ్చింది?" అని అరిచాను. అరుపుకి పక్కింటి గోడ మీద రెండు తలకాయలు లేచాయి.

ఆవిడ పేరు లక్ష్మమ్మ, ఓబుళరెడ్డి భార్య. కాళ్ళ దగ్గర కూలబడి చెప్పింది. "కాకి తన్నింది అక్కా. దొడ్లో మొగం కడుక్కుంటా ఉంటే ఈయప్ప నెత్తిన కాకి తన్నింది. దోసం పోవల్లంటే సావు కబురు పంపియ్యాల. ఇన్నోళ్ళు ఏడ్సాల. ఆ ఏడుపుతో గండం పోతాది. మాపటేలకు ఉండాడని సెప్పేస్తాము, అట్లనే గదా యాడైనా? మా తమ్ముడు సారుకి ఇంగ్లీసులో కొట్టినాడు. సారు ఫోన్ సేసినాడు. పొద్దు మునగకముందే నిజం సెప్పకూడదని నేను ఏడ్సినా. మాపటేల ఫోన్ సేస్తే కలవల్యా. మల్ల దినం సేసినా కలవల్యా. నెలంతా సేసినాము. ఆపేసిందనే వస్తాది. నేనేం సేద్దునక్కా?"

కాకి తంతే చావు కబురు పంపడం మా వైపూ ఉంది. మా మేనత్త పోయిందని విని మా అమ్మ బియ్యం కడుగుతున్న గిన్నె వదిలేసి బస్టాండుకి పరిగెత్తింది. సాయంత్రం అసలు సంగతి తెలిసి ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. కానీ మా అమ్మకు కాకి సంగతి తెలుసు. డెన్మార్క్‌లో కాకి తన్నదు కదా!

జీపు దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఎరిక్ గారు ఎదురుగా అద్దంలోంచి చూస్తూ విన్నాడు.

"అంటే, నేను ఏడ్చింది ఒక పక్షి కోసమా?" అన్నాడు. "ఆ వారం నాకు హోదా ఇచ్చే సభలో నిలబడ్డాను. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆ పిట్టగోడ మీద కూర్చున్న మనిషి లేడే అనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే. నేను వాడితో మాట్లాడాల్సిన ఏళ్ళు కదా అవి? అవి ఎవరిస్తారు?"

కోపం న్యాయమైనదే. తిరిగి నంద్యాల పోదామంటే పోవడమే అనుకున్నాను.

యోహాను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అంతా వింటున్నాడు. వెనక్కి తిరిగాడు. "మేడమ్, సారుకి ఒగ మాట సెప్పండి. మేము సర్చికి పోయేటోళ్ళమే, అయినా కాకి తన్నితే మా యమ్మ కూడా కబురు పంపిస్తాది. ఆ కబురు ఎవురికంటే వాళ్ళకి పంపరు. ఉత్తుత్తికి ఏడ్సేటోళ్ళకి పంపితే గండం పోదు. కడుపులో నుంచి ఏడ్సేటోళ్ళు ఎవురో ఎంచుకొని వాళ్ళకే పంపిస్తారు. మా నాయనకు తన్నితే నాకే పంపల్యా, మా పెదనాయన కొడుక్కి పంపినాడు. దానికి నేను ఆర్నెల్లు మాట్లాడల్యా."

నేను ఆ మాటలు ఒక్కొక్కటే ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. "ఎవరెవరికి పంపారో అడుగు" అన్నాడు ఎరిక్ గారు.

గేటు దగ్గరికి పోయి అడిగాను. లక్ష్మమ్మ ముక్కు చీదుకుని చెప్పింది. "వాళ్ళక్కకి, మా పాపకి, ఎరుకు సారుకి. ఇంగెవురికి పంపుతాము? వాళ్ళ తమ్మునికి కూడా పంపల్యా. వాడు ఏడ్సడని ఈయప్పే వద్దన్యాడు."

వచ్చి చెప్పాను. ఎరిక్ గారు జీపు దిగాడు. ఓబుళరెడ్డి అక్కడే, అదే చోట అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. చెంప మీద నురగ ఎండి తెల్లగా అట్ట కట్టింది. ఎరిక్ గారు ఆయనకెదురుగా నిలబడి, నెమ్మదిగా చెయ్యెత్తి సెల్యూట్ తిరిగిచ్చాడు. తర్వాత, "సుబేదార్ సాబ్, ముందు ఆ రెండో చెంప గీసుకో" అన్నాడు.

ఓబుళరెడ్డి నవ్వబోయి ఏడ్చాడు. ఇద్దరూ ఒకర్నొకరు కావలించుకున్నారు. పొడుగాయన బాగా కిందికి వంగాల్సివచ్చింది. బంతిపూల దండ వృథా ఎందుకని యోహాను తెచ్చి ఓబుళరెడ్డి మెడలో వేశాడు. గోడ మీది తలకాయలు చప్పట్లు కొట్టాయి.

తోపులో రాయి

వాళ్ళిద్దరిదీ ఇంగ్లీషూ కాదు, హిందీ కాదు, సిపాయిల బారకాసుల్లో పుట్టిన కలగలుపు భాష. నాతో పెద్దగా పని పడలేదు. మనసులో మాట వచ్చినప్పుడు మాత్రం ఓబుళరెడ్డి తెలుగులోకి దిగి, సెప్పు మేడమ్ అనేవాడు.

జొన్న సంగటి, నాటుకోడి పులుసు పెట్టింది లక్ష్మమ్మ. తప్పు చేసిన భయంతో ముద్ద మీద ముద్ద వేస్తూనే ఉంది. మా వైపు వద్దంటే ఒకసారి బతిమాలతారు. ఇక్కడ వద్దంటే వినబడనట్టే ఉంటారు. తిన్నాక ఓబుళరెడ్డి చెప్పాడు.

"మా ఊరోళ్ళందరికీ నేను బతికే ఉండా. పింఛనిచ్చే బ్యాంకోడికి కూడా బతికే ఉండా. ఆ ఒగ్గనికి మాత్రం సచ్చిపోయినోన్ని. అన్నం తింటాంటే గుర్తొచ్చేది మేడమ్. యాడో ఒగ దేశంలో ఒగాయప్ప నేను లేనని అనుకుంటాండాడు, నేనేమో ఈడ కోడిపులుసు తింటాండా. మా బామ్మర్ది నంద్యాలకు పోయి కంప్యూటర్లో ఎన్నో పంపించినాడు. యాడికి పోయినాయో. పాత రెజిమెంటుకు పోయి అడిగినా. బయట దేశపు ఆఫీసర్ల అడ్రసులు ఇయ్యమన్యారు. మామిడికాయలు దిగినప్పుడల్లా ఆ ఫోను తీసి సూసుకునేది. సచ్చినోడు ఎట్ల ఫోన్ సేస్తాడు సెప్పు?"

అంతా ఎరిక్ గారికి చెప్పాను. ఆయన సంగటి చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చుండిపోయాడు.

అప్పుడు జీపులో రాయి గుర్తొచ్చింది. చెప్పాలా వద్దా అని నేను నసుగుతుంటే యోహాను బయటపెట్టేశాడు. ఓబుళరెడ్డి పోయి చూసి, వేలితో అక్షరాలు తడిమి చదువుకున్నాడు. "నా మిత్రుడు అని రాసినాడా? బాగుంది. కింద సోటు యాల ఇడ్సినారు?" అన్నాడు. తారీకు కోసం అని చెప్పక తప్పలేదు. లక్ష్మమ్మ చెవులు మూసుకుని, ఆ పాడు రాయి చెరువులో పారెయ్యమంది.

"పారేసేది యాలకి? ఎంత బాగా సెక్కినాడు! తోపులోకి పదప్పా" అన్నాడు ఓబుళరెడ్డి.

మామిడితోపు ఊరి పక్కనే. పెద్ద చెట్టు కింద రెండు గుండ్లు పెట్టి, పలకను బోర్లించి, పేరు నేలవైపుకు వచ్చేట్టు వేయించాడు. ఇద్దరు కూర్చునేంత బెంచీ అయింది. "కింద పండుకునే లోపల పైన కొన్నాళ్ళు కూకుందాం" అన్నాడు. ఎరిక్ గారు కూర్చున్నాడు. ఓబుళరెడ్డి మోకాలు పట్టుకుని పక్కన కూర్చున్నాడు. ముందు బనగానపల్లె పండు కోసిపెట్టాడు, తర్వాత రసాల పండు మెత్తగా పిసికి, తొడిమ తీసి, చీకడం నేర్పించాడు. రసం మోచేతి దాకా కారింది. చొక్కా అంత పొందిగ్గా మడతపెట్టే మనిషి చొక్కా మీద పసుపు మరకలు పడుతున్నా పట్టించుకోలేదు.

మేమున్నన్నాళ్ళూ సాయంత్రమైతే ఇద్దరూ ఆ రాయి మీదే. మధ్యలో చెనిగ్గింజలు, బెల్లం. ఒకసారి దగ్గరికి పోతే, ఓబుళరెడ్డి మోకాళ్ళ ఆపరేషను గురించి అడుగుతున్నాడు, ఎరిక్ గారు తన గుండెలో వేసిన గొట్టం గురించి చెబుతున్నాడు. నేను వెనక్కి వచ్చేశాను. పిట్టగోడ మీద కూర్చున్నప్పటి ఆ బలమైన మనుషుల్ని నేను చూడలేదు. వీళ్ళు చూసుకున్నారు కదా, ఇప్పుడు ఒకరి మోకాళ్ళు ఒకరు చూసుకుంటుంటే ఏమనిపించిందో మరి.

లక్ష్మమ్మ నా చేత ఒట్టేయించుకుంది అప్పుడే. "మా ఊరి పేరు రాయొద్దక్కా. మొగుణ్ణి సంపిన లచ్చుమమ్మ అని ఇప్పటికే అంటాండారు."

మళ్ళీ నంద్యాల

స్టేషనుకు ఓబుళరెడ్డి కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, సైన్యంలో ఇచ్చిన పతకాలు. గోనెసంచీలో మామిడికాయలు, విమానంలో తీసుకెళ్ళనివ్వరని ఎంత చెప్పినా వినలేదు. ఆ సంచీ చివరికి మా ఇంటికి చేరింది.

ఎరిక్ గారు జెండా సంగతి ఆయనకు చెప్పాడు. ఇంటికి పోగానే పైకంటా ఎత్తుతాననీ, పక్కింటివాళ్ళు ఎవరి పుట్టినరోజు అని వచ్చి అడుగుతారనీ అన్నాడు.

"నాదని సెప్పు" అన్నాడు ఓబుళరెడ్డి.

రైలు ప్లాట్‌ఫాం మీదికి వచ్చింది. ఎరిక్ గారు ఎక్కి, తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇన్ని రోజులూ అడగని మాట అప్పుడు అడిగాడు, అదీ నా ద్వారా. "మళ్ళీ అలాంటి కబురు వస్తే? ఈసారి అది నిజమో కాదో నాకెలా తెలుస్తుంది?"

నేను తెలుగులో చెప్పాను. ఓబుళరెడ్డి తలుపు చువ్వ పట్టుకున్నాడు.

"నమ్మద్దప్పా. కబురొస్తే నమ్మద్దు. వచ్చి సూడు."

"వచ్చాక, నిజమే అయితే?"

బండి కదిలింది. ఓబుళరెడ్డి ఆ మోకాళ్ళతోనే నాలుగడుగులు పక్కన నడిచాడు.

"నిజమైతే రాయి ఆడనే ఉంటాది గదా. కాసేపు కూకోని పో."